నేను నాటాను కాబట్టి నాదేనా?

ఈ ఏడాది పత్రికకి ఏదైనా ఒక ప్రశ్న తీసుకుని వ్యాసం రాయమని తెలుగు టీచరు గారు చెప్పారు. సత్యం గొప్పదా, అహింస గొప్పదా లాంటిది రాద్దామని మొదట కూర్చున్నాను. రెండు పేజీలు రాసి చదువుకుంటే నాకే నిద్ర వచ్చింది. అందుకని నాకు నిజంగా నిద్ర పట్టకుండా చేసిన ప్రశ్న గురించి రాస్తున్నాను. అది శనగ మొక్కల దగ్గర మొదలైంది. నవ్వకండి.

మేముండేది చింతాద్రిపేటలో ఒక పాత ఇంట్లో. కింద రెండు పోర్షన్లు, పైన మాది ఒకటి. ఆ పైన మొట్టమాడి. పుస్తకాల్లో డాబా అని రాస్తారు గానీ మా ఇంట్లో ఎవరూ డాబా అనరు. మూడిళ్ళ బట్టలూ అక్కడే ఆరతాయి, వడియాలు అక్కడే పెడతారు. సాయంత్రం అక్కడ కూర్చుంటే వేళచ్చేరి రైలు పోవడం కనబడుతుంది. ఆ చోటు ఎవరిది అని అద్దె కాగితంలో ఎక్కడా లేదు. ఈ సంగతి తర్వాత అవసరమవుతుంది, గుర్తుంచుకోండి.

2023 దసరాకి అమ్మమ్మ మా ఇంటికి వచ్చింది. వాళ్ళది ఒంగోలు దగ్గర పల్లె, నల్లరేగడి నేల. అక్కడ వానలు వెనకబట్టాక అక్టోబరు, నవంబరు నెలల్లో శనగ వేస్తారు. నేలలో మిగిలిన తేమతోనూ చలికాలం మంచుతోనూ పండిపోతుంది. మా మామయ్య వేసేది జేజీ-11 అనే రకం. పటాన్‌చెరులోని ఇక్రిశాట్, జబల్‌పూర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం కలిసి తయారుచేసిన రకం అది, 1999లో విడుదలయింది. ఆ శనగలు అమ్మమ్మ గుగ్గిళ్ళకని సంచిలో తెస్తే, నేను ఓ గుప్పెడు తీసి అగ్గిపెట్టెలో దాచాను. నానబెడితే మొలకెత్తుతాయి కదా, మొలకెత్తింది నాటితే ఏమవుతుందో చూద్దామని.

మొదటిసారి నవంబరులో నాటాను. నాలుగు ఖాళీ పెయింటు బకెట్లు తెచ్చి అడుగున కన్నాలు పెట్టాను. మట్టి, ఎండిన ఆకులు, కొంచెం ఇసుక కలిపి నింపాను. మొలకలు వచ్చాయి. అంతలో డిసెంబరు మొదట్లో మిచౌంగ్ తుఫాను వచ్చింది. మొట్టమాడి మీద నీళ్ళు పోయే గొట్టం పూడుకుపోయి బకెట్లు సగం దాకా నీళ్ళలో నిలబడ్డాయి. మూడు రోజుల తర్వాత వెళ్ళి చూస్తే మొలకలన్నీ కుళ్ళి వాసన వేస్తున్నాయి. అదే తుఫాను మమ్మల్ని ముంచి, పైకి పోయి బాపట్ల దగ్గర తీరం దాటింది. మామయ్య చేలో శనగ కూడా నీట మునిగింది. ఫోన్లో అమ్మమ్మతో నా మొలకలు పోయాయని ఏడుస్తూ చెప్పాను. తర్వాత తెలిసింది, అప్పుడు వాళ్ళకి పోయింది రెండెకరాలని. ఆవిడ ఆ మాట నాకు చెప్పనే లేదు, ఇంకా గింజలున్నాయా అని మాత్రం అడిగింది.

ఆ తుఫానులో కింద పోర్షన్‌లోకి నీళ్ళు వచ్చాయి. కిందవాళ్ళు రెండు రాత్రులు మా ఇంట్లో పడుకున్నారు. అంకుల్ ఆటో నడుపుతారు, ఆంటీ చింతాద్రిపేట చేపల మార్కెట్లో చేపలు అమ్ముతుంది. వాళ్ళకి ఒక పాప, అప్పటికి రెండో క్లాసు. తమిళం తప్ప రాదు. నా దుప్పటిలోనే నాకు కాళ్ళు తగిలిస్తూ పడుకుంది. ఆ రెండు రోజులూ వాళ్ళ బియ్యం, మా పప్పు, ఇద్దరి కొవ్వొత్తులు కలిసిపోయాయి. ఎవరివి ఎవరికి మిగిలాయో మా అమ్మకి కూడా గుర్తుండదు.

డిసెంబరు మూడో వారంలో మిగిలిన గింజలు మళ్ళీ నాటాను. బకెట్‌కి రెండు చొప్పున ఎనిమిది మొక్కలు నిలబడ్డాయి. ఒకటి ఉన్నట్టుండి తల వాల్చేసి ఎండిపోయింది, అది ఎండు తెగులట. మిగిలింది ఏడు. ఎక్కువ నీళ్ళు పోయొద్దని అమ్మమ్మ ఫోన్లో తిడుతూనే ఉండేది. శనగకి ప్రేమ ఎక్కువైతే చచ్చిపోతుంది అనేది. నాలుగైదు రోజులకి ఒకసారి చెంబుడు పోసేదాన్ని. నెల తిరిగాక చివుళ్ళు తుంచమంది. తుంచాలంటే నాకు ప్రాణం ఒప్పలేదు గానీ తుంచాక నిజంగానే పక్క కొమ్మలు గుబురుగా వచ్చాయి. జనవరి ఆఖరుకి పువ్వులు. ఎంత చిన్న పువ్వులో! గులాబీ, ఊదా కలిసిన రంగు. పొద్దున ఆకుల మీద తడిగా ఉంటుంది, వేలితో తాకి నాలిక మీద పెట్టుకుంటే పుల్లగా ఉంటుంది. ఆ పులుపు మొక్క తనే తయారు చేసుకుంటుంది. అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో వెనకటికి తెల్లవారుజామున చేల మీద గుడ్డ పరిచి ఆ పులుపు మంచుని పిండుకునేవాళ్ళట, కడుపునొప్పికి మందని.

కాయలు మొదలవగానే పురుగు కూడా వచ్చింది. దాని పేరే శనగపచ్చ పురుగు. కాయకి గుండ్రంగా కన్నం పెట్టి, తల లోపల, ఒళ్ళు బయట పెట్టి తింటుంది. రోజూ స్కూలుకి వెళ్ళే ముందు వాటిని ఏరి సబ్బునీళ్ళలో వేసేదాన్ని. నా కాయలు తిన్నందుకు వాటిని చంపాను గానీ దొంగలని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు. ఇదెందుకు చెబుతున్నానంటే, తర్వాత నేను ఆ మాట వాడింది పురుగుని కాదు.

ఎరువు సంగతి చెప్పడం మరిచిపోయాను. చేపలు కడిగిన నీళ్ళు మొక్కలకి మంచిదని కింద ఆంటీయే చెప్పింది. వారానికి ఒకసారి ఒక డబ్బాలో పోసి మెట్ల మీద పెట్టేది. మా అమ్మ ముక్కు మూసుకునేది. నేను దానికి మూడింతలు మామూలు నీళ్ళు కలిపి పోసేదాన్ని. ఆ డబ్బా నేను అడక్కముందే అక్కడ ఉండేది.

పాప కూడా నా వెనకే మొట్టమాడి ఎక్కేది. ఇదేం చెట్టు అక్కా అంటే కొండక్కడలై అని చెప్పాను, తమిళంలో శనగల్ని అలాగే అంటారు. నమ్మలేదు. కొండక్కడలై అంగడిలో ఉంటుంది, చెట్టుకి ఎలా ఉంటుంది అని నవ్వింది. చూస్తూ ఉండు, ఈ కాయల లోపలే ఉంటాయి అని నేనే చెప్పాను.

ఫిబ్రవరి ఆఖర్లో ఒక ఆదివారం మధ్యాహ్నం. అప్పటికి నేను రోజూ కాయలు లెక్కపెడుతున్నాను. ముందురోజుకి యాభై ఎనిమిది. ఆ రోజు బట్టలు తీయడానికి వెళ్ళి లెక్కపెడితే నలభై ఏడే. నీళ్ళ ట్యాంకు వెనక పచ్చి పొట్టు పడి ఉంది. పాప అక్కడే కూర్చుంది. చెయ్యి చూపించమన్నాను. వేళ్ళకి ఆకు పసరు అంటుకుని ఉంది. దాచలేదు కూడా. లోపల ఉన్నాయా లేదా అని చూశానక్కా, నిజంగానే ఉన్నాయి అంది. పచ్చి శనగ తియ్యగా ఉంటుంది. చూసింది, తింది, ఇంకొకటి చూసింది, తింది. అలా పదకొండు.

నేను దాని చెయ్యి పట్టుకుని మెట్లు దింపాను. కింద అందరూ వినేలాగా ‘తిరుడి’ అన్నాను. అంటే దొంగ అని. ఇంట్లో తెలుగే మాట్లాడేదాన్ని, కోపంలో నాకు తమిళమే వచ్చింది. ఎందుకొచ్చిందో నాకు తెలుసు. తెలుగులో అంటే దానికి అర్థం కాదు, వాళ్ళమ్మకీ అర్థం కాదు. అర్థం కావాలనే అన్నాను. అది ఏడుస్తూ, మొట్టమాడి అందరిదీ కదా అంది. ఆంటీ ఒక్కమాట అనలేదు. పాపని లోపలికి తీసుకుపోయి తలుపు దగ్గరకి వేసింది.

ఆ తర్వాతి వారం మెట్ల మీద డబ్బా లేదు.

నేను చేసింది తప్పా అని నాకు అప్పుడు అనిపించలేదు, నిజం చెబుతున్నాను. విత్తనం నేను దాచాను. మట్టి నేను మోశాను. తుఫానుకి పోతే మళ్ళీ నాటాను. పురుగులు ఏరాను. రెండు నెలల పని. ఎవరో వచ్చి రెండు నిమిషాల్లో తినేస్తే దాన్ని ఇంకేమంటారు? మీరే చెప్పండి.

ఆ రాత్రి అమ్మమ్మకి ఫోన్ చేశాను, నా పక్షాన మాట్లాడుతుందని. ఆవిడ రైతు కదా. ఎన్ని కాయలు తిన్నదే అని అడిగింది. పదకొండు అన్నాను. కూర్చుని తిన్నదా, కట్టుకుపోయిందా? కూర్చునే తిన్నది అన్నాను. మరి దొంగతనం ఎక్కడిదమ్మాయ్ అంది. వాళ్ళ ఊళ్ళో దారిన పోయేవాడు శనగచేలో నాలుగు మొక్కలు పీక్కుని నడుస్తూ తింటే ఎవరూ ఏమీ అనరట. బడిపిల్లలు చెత్త మంట వేసి పచ్చి శనగ కాల్చుకుంటే చూసీ చూడనట్టు పోతారట. పంట ఎత్తాక చేలో రాలిన కాయలు పరిగె ఏరుకునేవాళ్ళవి, రైతు మళ్ళీ వెళ్ళి ఏరుకుంటే ఊళ్ళో నవ్వుతారు. కానీ అమ్మమ్మ మెత్తని మనిషి అనుకోకండి. రాత్రిపూట వచ్చి మొక్కలు మోపులు కట్టుకుపోయేవాణ్ణి పట్టుకుంటే మాత్రం ఊరుకోరు. తాతయ్య మంచె మీద పడుకుని కాపలా కాసిన రోజులున్నాయట.

తిన్నది వేరు, కట్టుకుపోయింది వేరు. ఈ గీత నాకు కొత్తగా అనిపించి క్లాసులో నా పక్కన కూర్చునే అమ్మాయికి చెప్పాను. వాళ్ళు చర్చికి వెళతారు. మా బైబిల్లో కూడా అలాగే ఉంది అంది. పొరుగువాడి ద్రాక్షతోటలోకి వెళ్తే కడుపునిండా తినొచ్చు గానీ పాత్రలో వేసుకు పోకూడదని పాత నిబంధనలో ఉందట. పొలం అంచుల దాకా కోయకుండా పేదలకి కొంచెం వదలమని కూడా ఉంది. రూతు అనే ఆమె అలా పరిగె ఏరుకునే బతికిందట. ఒంగోలు ఎక్కడ, ఆ దేశం ఎక్కడ? ఒకళ్ళని చూసి ఒకళ్ళు నేర్చుకోలేదు కదా. పంట పండే చోట ఈ సంగతి ఎవరికి వాళ్ళకి తట్టినట్టుంది.

సాంఘిక శాస్త్రం సారు మాత్రం నా వైపు వచ్చారు. కనీసం నేను అలా అనుకున్నాను. ఇంగ్లండులో 17వ శతాబ్దంలో జాన్ లాక్ అనే తత్త్వవేత్త ఉండేవాడట. అడవిలో అందరికీ చెందిన చెట్టు నుంచి ఒకడు పండు కోసుకుంటే, కోసిన శ్రమ వాడిది కాబట్టి ఆ పండు వాడిదవుతుంది అన్నాడట. నేను సంతోషపడ్డాను. ఇంటికి వచ్చాక అనుమానం వచ్చింది. కోసిన శ్రమే లెక్క అయితే కోసింది పాపే కదా! మర్నాడు అడిగితే సారు నవ్వి, లాక్ చెప్పింది ఎవరూ నాటని అడవి గురించి, నువ్వు నాటావు కాబట్టి నీ శ్రమే ముందుది అన్నారు. ఇంకో మాట కూడా చెప్పారు. లాక్ దానికి ఒక షరతు పెట్టాడట, మిగతావాళ్ళకి కూడా సరిపోయేంత, అంతే మంచిది మిగిలి ఉండాలని. మా మొట్టమాడి మీద ఎండ పడే మూల ఒక్కటే. దాన్ని నా నాలుగు బకెట్లూ ఆక్రమించాయి. పాప బకెట్ పెడదామన్నా చోటు లేదు. ఈ మాట సారుకి చెప్పలేదు.

అసలు మా పేటే ఒక తోట. 1734లో కంపెనీ గవర్నరు జార్జ్ మార్టన్ పిట్ కాలంలో నేతవాళ్ళ కోసం దీన్ని కట్టారు. చిన్న తరి పేట, అంటే చిన్న మగ్గాల పేట, అదే చింతాద్రిపేట అయిందంటారు. అంతకుముందు ఇక్కడ సుంకురామ చెట్టి అనే వ్యాపారి తోట ఉండేది (పేరు చూస్తే మనవాడిలాగే ఉన్నాడు). కంపెనీ ఆ తోటని తీసుకుని అందులో మగ్గాలు పెట్టించింది. నేతవాళ్ళకి ముందే డబ్బిచ్చి పని చేయించుకునేది, నేసిన బట్ట ఓడెక్కి పోయేది. తోట పెంచినవాడికి తోట మిగల్లేదు, బట్ట నేసినవాడికి బట్ట మిగల్లేదు. ఇది చదివాక నాకు ఇంకా గజిబిజి అయింది. ఎందుకంటే నాటినంత మాత్రాన నీది కాదు అనే మాట అమ్మమ్మ నోట వింటే బాగుంది గానీ, అదే మాట కంపెనీవాడు అంటే? ఏడేళ్ళ పాప నాటినదాన్ని తినడం, పెద్ద కంపెనీ నాటినవాడి తోట లాక్కోవడం ఒకటే అని నేను ఒప్పుకోను. పండించినవాడి మాట చెల్లకపోతే మామయ్యలాంటి వాళ్ళకి ఏం మిగులుతుంది? కాబట్టి నాది అనే మాట పూర్తిగా తప్పని నేను అనను. ఆ మాట ఎవరి మీద వాడుతున్నాం అన్నది చూడాలనిపిస్తుంది. బలమున్నవాడి నుంచి కాపాడుకోవడానికి పుట్టిన మాటని నేను నా నడుము ఎత్తు కూడా లేని పాప మీద వాడాను.

మార్చి ఆఖర్లో మొక్కలు పసుపు తిరిగి ఎండాయి. పీకి చూస్తే వేళ్ళకి చిన్న చిన్న బుడిపెలు ఉన్నాయి. సైన్సు పుస్తకంలో చదివిందే. అందులో బాక్టీరియా ఉండి గాలిలో నత్రజనిని మొక్కకి అందేలా చేస్తుంది, మొక్క దానికి తిండి పెడుతుంది. చేతిలో పెట్టుకుని చూస్తుంటే నా లెక్క ఇంకా తప్పింది. నత్రజని దాని పని. విత్తనం మామయ్యది. ఆ రకం ఎవరో శాస్త్రవేత్తలది. అంతకుముందు టర్కీ వైపు 10,000 ఏళ్ళ కిందట అడవి శనగని మొదట నాటినవాళ్ళు ఎవరో. చేపల నీళ్ళు ఆంటీవి. నాది మోసిన మట్టి, ఏరిన పురుగులు. అది తక్కువ కాదు. కానీ నేను చెప్పుకున్నంతా నాది కాదు.

ఎండిన కాయలు వలిస్తే అరవై మూడు గింజలు వచ్చాయి. మూల మీద కొట్టు తాతగారి ఎలక్ట్రానిక్ త్రాసులో పెట్టి చూశాం. 14 గ్రాములు. ఆ రోజు కొట్లో శనగలు కిలో 100 రూపాయలు. అంటే నా పంట మొత్తం ఖరీదు ఒక రూపాయి నలభై పైసలు. పాప తిన్నది పావలా చేస్తుందేమో. తాతగారు నవ్వారు, నేనూ నవ్వాను గానీ లోపల ఇంకోలా ఉంది. ఖరీదు తక్కువ కాబట్టి కోప్పడకూడదు అని నేను ఒప్పుకోను. అలా అయితే చవగ్గా అమ్ముడుపోయే పంట పండించే రైతు ఎప్పటికీ కోప్పడకూడదు. పావలా అయినా నా రెండు నెలలు నావే.

మరి ఏది తప్పు? చాలా రోజులు నేను ఒక్క వాదన పట్టుకుని వేలాడాను. అడగాలి కదా, అడిగి కోసుకుంటే నేనేమన్నా అంటానా అని. అమ్మతో అన్నాను, స్నేహితులతో అన్నాను. అందరూ అవును, అడగాలి అన్నారు. ఒక రోజు గిన్నెలు తోముతూ అమ్మ తిరిగి చూడకుండా అడిగింది, అడిగితే ఇచ్చేదానివా? నేను వెంటనే ఇచ్చేదాన్ని అన్నాను. అమ్మ ఇంకేం అనలేదు. రాత్రి పడుకున్నాక తెలిసింది, ఇచ్చేదాన్ని కాదు. ఒక్కటి కూడా. పండేదాకా ఆగు అనేదాన్ని, పండాక విత్తనానికి కావాలి అనేదాన్ని. రోజూ లెక్కపెట్టేదాన్ని కదా, ఒకటి తగ్గితే ఓర్చుకోలేకపోయేదాన్ని. ఇవ్వనని మనసులో ముందే అనుకున్నదాన్ని, అడగలేదని ఒకరిని దొంగ అన్నాను. ఇప్పటికీ పాప అడిగి ఉండాల్సిందనే నేను అనుకుంటాను. కానీ ఆ మాట అనడానికి నాకు అప్పుడు హక్కు లేదు.

నన్ను ఒకసారి బస్సులో ఎవరో ‘గొల్టి’ అన్నారు. తెలుగువాళ్ళని ఎగతాళి చేసే మాట. ఆ మాట అన్న మనిషి మొహం మర్చిపోయాను, మాట మర్చిపోలేదు. పాప కూడా నా మొహం మర్చిపోదు, ఎందుకంటే ఒకే ఇంట్లో ఉన్నాం.

ఏప్రిల్‌లో పరీక్షలయ్యాక కిందికి వెళ్ళి ఆంటీకి చెప్పాను, నేను అలా అనకుండా ఉండాల్సింది అని. ఆంటీ చేపల బుట్ట కడుగుతోంది. పోనీలేమ్మా, ఇద్దరూ చిన్నపిల్లలే కదా అంది తమిళంలో. ఇద్దరూ అనడం నాకు కొంచెం గుచ్చుకుంది. పదో క్లాసుకి వెళ్తున్నాను కదా. పాప తలుపు వెనక నుంచి చూసింది గానీ బయటికి రాలేదు. పెరుగు కప్పులో పది గింజలు పోసి గుమ్మం దగ్గర పెట్టి వచ్చాను. చేపల నీళ్ళ డబ్బా ఇప్పుడు ఒకోసారి ఉంటుంది, ఒకోసారి ఉండదు.

జూన్‌లో పాప తనంతట తనే పైకి వచ్చింది. చేతిలో ప్లాస్టిక్ కప్పు, అందులో పసుపు తిరిగిన రెండు మొలకలు. ఎందుకు చచ్చిపోయాయక్కా అని అడిగింది. ఎండాకాలంలో శనగ రాదు, చలి కావాలి, వానలు పోయాక డిసెంబరులో నాటాలి అని చెప్పాను. అప్పటి నుంచి వారానికి ఒకసారి డిసెంబరు వచ్చిందా అని అడుగుతూనే ఉంది. ఇది రాసేటప్పటికి నవంబరు. ఎండ మూలలో బకెట్లు జరిపి ఇంకొకదానికి చోటు చేశాను. ఇప్పుడు ఐదు బకెట్లు. నిన్న సాయంత్రం వెళ్ళి చూస్తే పాప తన బకెట్ మీద సుద్దముక్కతో తన పేరు రాసుకుంది. పక్కనున్న నా బకెట్ మీద కూడా తన పేరే రాసింది. నేనింకా చెరపలేదు.